కంటెయినర్ పోయినా డేటా మిగలాలంటే: ఏ స్టోరేజీ ఎవరికి నప్పుతుంది

విశాఖ గాజువాకలో ఇనుప సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం చేసే పెద్దాయనకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి ఇచ్చాను. పాత డెస్క్‌టాప్, దాని మీద ఉబుంటు లైనక్స్, డాకర్, రెండంటే రెండే కంటెయినర్లు. కంటెయినర్ అంటే ప్రోగ్రాముని దాని సరంజామాతో సహా విడిగా నడిపే పెట్టె, అది తయారయ్యే అచ్చు ఇమేజీ, దాన్ని నడిపేది డాకర్. ఒక ఆదివారం ఇంటి దగ్గర కూర్చుని, వెర్షన్ మారుద్దామని, కంటెయినర్లన్నిటినీ ఒకేసారి నడిపే కంపోజ్ టూల్‌తో అన్నీ దించి మళ్ళీ ఎక్కించాను. దించేటప్పుడు కమాండు చివర అలవాటుగా 'మైనస్ వి' (-v) కొట్టేశాను. నా ల్యాప్‌టాప్‌లో టెస్టింగ్‌కి రోజూ కొట్టేదే. సోమవారం పొద్దున్నే ఫోను: "బాబూ, ఆ పెట్టిలో ఏటుంటాదో నాకు తెల్దు గానీ, శనివారం బిల్లులేవి?"

శనివారానివే కాదు, ఏవీ లేవు. గురువారం రాత్రి తీసిన డంపు (డేటాబేస్‌ని మొత్తం దించుకున్న ఫైలు) నా దగ్గర ఉండబట్టి బతికాను. శుక్ర, శనివారాల బిల్లులు ఆయన మేనల్లుడు కాగితాలు చూసి చదువుతుంటే నేను కూర్చుని మళ్ళీ ఎక్కించాను.

ఇందులో డాకర్ తప్పేం లేదు. వాల్యూమ్‌ని, అంటే కంటెయినర్ బయట డేటా దాచే చోటుని, తుడిచెయ్యమని ఆ మైనస్ వితో నేనే చెప్పాను, అది తుడిచింది. ఆ రోజు నుంచి ఎవరైనా "కంటెయినర్లకి ఏ స్టోరేజీ పెట్టమంటారు" అని అడిగితే వేగం సంగతి తర్వాత మాట్లాడుతున్నాను. ఈ మెషీన్ ఇప్పుడే కాలిపోతే ఎంతసేపట్లో పని మళ్ళీ మొదలవ్వాలి? ఎన్ని గంటల డేటా పోతే ఓర్చుకోగలరు? అర్ధరాత్రి లేచి బాగుచేసేది ఎవరు? ఇవి తేలితే ఎంపిక చాలావరకు తేలిపోయినట్టే. మూడోదానికి జవాబు "నువ్వే గదా" అయితే ఇంకా తొందరగా తేలుతుంది.

ముందు అసలు పోటీలో లేనిదాన్ని పక్కన పెడదాం: కంటెయినర్ లోపలే రాసుకోవడం. కంటెయినర్‌ని లాడ్జి గది అనుకోండి. తాళం వేసి బీచికి వెళ్ళొచ్చినా మీ సామాను అలాగే ఉంటుంది. గది ఖాళీ చేశారంటే మాత్రం మర్నాటికి అందులో మీ ఆనవాలు ఉండదు. కంటెయినర్‌ని ఆపి మళ్ళీ నడిపితే లోపల రాసినవి పోవు. రెండు నెలలు బాగానే నడిచింది కదా అని చాలామంది మోసపోయేది ఇక్కడే. దాన్ని తీసేసి కొత్త ఇమేజీతో పెట్టిన రోజు అన్నీ పోతాయి. పైగా లోపల రాసేవి ఇమేజీ మీద పరిచిన ఒక పై పొరలోకి పోతాయి, ఆ పొర ఓవర్‌లే ఫైల్‌సిస్టమ్ మీద నడుస్తుంది. ఇమేజీలో ఉన్న పెద్ద ఫైలులో ఒక్క అక్షరం మార్చినా ముందు ఆ ఫైలు మొత్తాన్ని పైకి కాపీ చేసుకుంటుంది. డేటాబేస్ ఉండాల్సిన చోటు కాదది.

ఒకే మెషీన్ ఉన్నవాళ్ళకి అసలు పోటీ బైండ్ మౌంట్‌కీ నేమ్డ్ వాల్యూమ్‌కీ మధ్యే. రెండూ చివరికి ఆ డిస్కు మీదే ఉంటాయి. లైనక్స్ మీద వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పెత్తనం ఎవరిదన్నదే తేడా. బైండ్ మౌంట్‌లో ఫోల్డరు మీది. ఎక్కడ పెట్టాలో మీరు చెబుతారు, బయటి నుంచి చూస్తారు, ఎడిటర్‌లో తెరుస్తారు, ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో ఇంకోచోటికి పంపిస్తారు. నేమ్డ్ వాల్యూమ్‌లో ఫోల్డరు డాకర్‌ది. మీరు పేరు పెడతారు, అది తన సొంత చోట్లో దాస్తుంది.

మనదే పెత్తనం అంటే బాగానే ఉంటుంది గానీ తలనొప్పులూ మనవే. మొదటిది పెర్మిషన్లు. గ్రాఫులు చూపించే గ్రాఫానా అధికారిక ఇమేజీ 472 నంబరు యూజర్‌గా నడుస్తుంది. రూట్ (సర్వాధికారాలున్న యూజరు) పేరున ఉన్న ఫోల్డరు తెచ్చి తగిలిస్తే రాయడానికి వీల్లేదని కూలబడుతుంది. అప్పుడు మనవాళ్ళు చేసేది తెలిసిందే, ఫోల్డరుకి 777 (ఎవరైనా రాయొచ్చన్న పెర్మిషను) కొట్టి టీ తాగడానికి వెళ్ళిపోవడం. దయచేసి ఆ పని చెయ్యకండి. ఫోల్డరు యాజమాన్యాన్ని 472కి మారిస్తే సరిపోతుంది.

రెండోది ఇంకా ప్రమాదం. కంటెయినర్‌ని మొదలుపెట్టే డాకర్ రన్ కమాండులో మైనస్ వి వాడి, ఫోల్డరు దారిలో ఒక అక్షరం తప్పు కొట్టారనుకోండి. డాకర్ ఏమీ అనదు. లేని ఫోల్డరుని తనే రూట్ పేరున సృష్టించి, ఖాళీదాన్ని తగిలిస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అది చూసి, కొత్త సంసారం అనుకుని ఖాళీ డేటాబేస్‌తో మొదలవుతుంది. అదే 'మౌంట్' అనే పొడుగు పద్ధతిలో రాస్తే ఫోల్డరు లేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అందుకని చేతులు నొప్పెట్టినా పొడుగు పద్ధతే రాయండి. అసలు ఈ 'మైనస్ వి' మీద నాకు కోపం ఉంది. ఒక కమాండులో వాల్యూమ్‌ని తగిలించేదీ అదే, ఇంకో కమాండులో తుడిచేదీ అదే.

డేటా కోసం విడిగా డిస్కు పెట్టుకున్నవాళ్ళకి ఇంకో ఉచ్చు ఉంది. కరెంటు పోయి వచ్చాక ఆ డిస్కు మౌంట్ అవ్వకముందే, అంటే సిస్టమ్‌కి తగులుకోకముందే, డాకర్ లేచిందంటే, మౌంట్ పాయింట్ అనే ఖాళీ ఫోల్డరు ఎలాగూ ఉంటుంది కాబట్టి కంటెయినర్ దాంట్లోనే రాయడం మొదలుపెడుతుంది. పాత డేటా పోలేదు, దాని మీద దుప్పటి కప్పినట్టయింది. అలా ఒక పూట రాసిన డేటా రెండు చోట్ల చీలిపోతే కలపడం నరకం. డిస్కు మౌంట్ అయ్యాకే డాకర్ లేచేలా సిస్టమ్‌డీలో (లైనక్స్‌లో ఏది ఎప్పుడు మొదలవ్వాలో చూసేది) చెప్పుకోవాలి.

నేమ్డ్ వాల్యూమ్‌లో ఈ గొడవలు చాలావరకు ఉండవు. ఖాళీ వాల్యూమ్ తగిలిస్తే ఇమేజీలో ఆ చోట ఉన్న ఫైళ్ళూ పెర్మిషన్లూ దాంట్లోకి కాపీ అయిపోతాయి. బైండ్ మౌంట్ అలా చెయ్యదు, ఉన్నవాటిని కప్పేస్తుంది. విండోస్ మీద పని చేసేవాళ్ళకైతే వేగంలోనూ తేడా తెలుస్తుంది. సీ డ్రైవులో ఉన్న ఫోల్డరుని తగిలిస్తే ప్రతి ఫైలూ విండోస్‌కీ లైనక్స్‌కీ మధ్య గోడ దాటి రావాలి. వేల చిన్న ఫైళ్ళుండే నోడ్ జేఎస్ (జావాస్క్రిప్ట్) ప్రాజెక్టులు అక్కడ నత్తలవుతాయి. కోడ్‌ని డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల నడిచే లైనక్స్) లోపలే పెట్టుకోండి.

ఇక్కడే చెప్పాల్సిన విషయం ఒకటుంది, ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. వాల్యూమ్ ఏమీ చెప్పకుండా పోస్ట్‌గ్రెస్ నడిపి, కంటెయినర్ తీసేసి, డేటా పోయిందని ఏడుస్తుంటే కాస్త ఆగండి. ఆ ఇమేజీ తనకంటూ పేరులేని వాల్యూమ్ ఒకటి తయారుచేసుకుంటుంది. కంటెయినర్‌ని మామూలుగా తీసేసి ఉంటే అది పొడవాటి నంబరు పేరుతో ఇంకా ఉండే అవకాశం ఉంది. వాల్యూమ్‌ల జాబితా చూడకుండా, వాడనివాటిని తుడిచే 'ప్రూన్' కొట్టకండి. డాకర్ 23 నుంచి వాల్యూమ్ ప్రూన్ పేరు పెట్టినవాటిని మామూలుగా ముట్టుకోదు, పేరులేనివాటినే తుడుస్తుంది. అంటే సరిగ్గా మీకు కావలసినదాన్నే.

నా వరకు నేను కాన్ఫిగ్ ఫైళ్ళూ, రాస్తున్న కోడూ బైండ్ మౌంట్‌లో పెడతాను. డేటాబేస్ నేమ్డ్ వాల్యూమ్‌లో పెడతాను. డేటాకి వేరే డిస్కు కొన్న చోట మాత్రం డేటాబేస్‌కీ బైండ్ మౌంటే. మిగిలిన టెంపరరీ ఫైళ్ళకి టీఎంపీఎఫ్‌ఎస్ ఉంది, అది మెమరీలో ఉంటుంది, కంటెయినర్ ఆగితే పోతుంది. దాని గురించి అంతకన్నా అక్కర్లేదు.

వాల్యూమ్ భద్రంగా ఉన్నా డేటా చెడిపోయే దారి ఇంకొకటుంది. అది ఇమేజీ మార్చడం. పోస్ట్‌గ్రెస్ 16 రాసిన ఫోల్డరుని 17 తెరవదు, డంపు తీసి ఎక్కించాలి, లేదా అప్‌గ్రేడ్ టూల్ నడపాలి. కాబట్టి డేటాబేస్ ఇమేజీకి వెర్షన్ నంబరు బదులు 'లేటెస్ట్' అని రాయడమంటే తేదీ తెలియని ప్రమాదానికి టికెట్టు కొనుక్కోవడమే. 18లో అయితే ఇమేజీ డేటా పెట్టుకునే చోటు కూడా మారింది. ఇంతకన్నా గుట్టుగా జరిగేది డెబియన్ లైనక్స్ మీద కట్టిన ఇమేజీ నుంచి ఆల్పైన్ లైనక్స్ మీద కట్టినదానికి మారడం. సైజు తగ్గుతుందని మారుస్తారు. పోస్ట్‌గ్రెస్ యూజరు నంబరు 999 నుంచి 70కి మారుతుంది, అది కనబడే ఎర్రర్. కనబడనిది అక్షరక్రమం. రెండింటిలో సీ లైబ్రరీ వేరు, అక్షరాలని వరుసలో పెట్టే తీరు వేరు. పాత వరుసలో కట్టిన ఇండెక్సులు (డేటాబేస్ వెతుక్కునే పట్టికలు) కొత్త వరుసలో వెతికితే ఉన్న పేరునీ లేదంటాయి. మారిస్తే రీఇండెక్స్ చెయ్యాలి. అసలు మార్చకపోతే ఇంకా మంచిది.

ఇప్పుడు రెండో మెషీన్ వచ్చింది. మధురవాడ వైపు చిన్న ఆఫీసుల్లో సాధారణంగా వినబడే మాట: "అన్నా, మన దగ్గర నాస్ ఉంది కదా, అన్నీ దాంట్లో పెట్టేద్దాం." నాస్ అంటే నెట్‌వర్క్ మీద అందరూ వాడుకునే డిస్కుల పెట్టె. దాన్ని ఎన్‌ఎఫ్‌ఎస్ అనే నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమ్‌తో తగిలించేస్తే ఏ మెషీన్ నుంచైనా అదే ఫోల్డరు కనబడుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అప్‌లోడ్ చేసిన ఫొటోలు, పీడీఎఫ్ రిపోర్టులు, బ్యాకప్ ఫైళ్ళు, వీటికి నిజంగానే బాగుంటుంది.

డేటాబేస్‌కి మాత్రం నేను ఒప్పుకోను. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాల్ మోడ్‌లో (మార్పుల్ని ముందు లాగ్‌లో రాసే పద్ధతిలో) ఉంటే నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమ్ మీద పనిచెయ్యదని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. వాడే ప్రోగ్రాములన్నీ ఒకే మెషీన్ మెమరీని పంచుకోవాలి మరి. పోస్ట్‌గ్రెస్ ఎన్‌ఎఫ్‌ఎస్ మీద నడవదని కాదు. హార్డ్ మౌంట్ (జవాబు వచ్చేదాకా ఆగేది) పెట్టాలి, సర్వర్ వైపు సింక్ (డిస్కు మీద రాశాకే సరే అనడం) ఉండాలి. సాఫ్ట్ అని పెడితే నెట్‌వర్క్ తడబడినప్పుడు రాత మధ్యలో ఎర్రర్ తిరిగొస్తుంది. హార్డ్ పెడితే నాస్ ఆగినప్పుడు అన్ని కంటెయినర్లూ బిగుసుకుపోయి ఒక్కోసారి కిల్ చేసినా చావవు. స్విచ్ కేబుల్ ఒకటి ఊడితే బిల్లింగూ అటెండెన్సూ వెబ్‌సైటూ ఒకేసారి ఆగిన రోజు నేను చూశాను. ఒక డిస్కు చెడిపోతుందన్న భయంతో అన్నిటినీ ఒక పెట్టెకి కట్టేస్తున్నాం, ఆ పెట్టెకి రెండోది ఉందా అని ఎవరూ అడగరు. రూట్ స్క్వాష్ (రూట్ అధికారాన్ని నాస్ ఒప్పుకోకపోవడం) వల్ల ఇమేజీ లేచేటప్పుడు యాజమాన్యం మార్చుకోలేక ఆగిపోవడం దీనికి కొసరు.

చాలా మెషీన్ల మీద కంటెయినర్లని నడిపే కుబెర్నెటిస్ దగ్గరికి వద్దాం. అక్కడ ఒక్కో మెషీన్‌ని నోడ్ అంటారు, కలిసి నడిచే కంటెయినర్లని పాడ్ అంటారు. మీ దగ్గర ఉన్నది ఒకటో రెండో మెషీన్లయితే, స్టోరేజీ కోసమని కుబెర్నెటిస్‌కి వెళ్ళకండి. ఇతర కారణాలతో ఇప్పటికే వెళ్ళి ఉంటే, అక్కడ ఎంచుకోవలసింది స్టోరేజ్ క్లాస్. యాప్ "నాకు పది జీబీ కావాలి" అని క్లెయిమ్ పెడుతుంది, క్లాస్ ఎక్కడి నుంచో తెచ్చి ఇస్తుంది. రెండు విషయాలు చాలామందికి తప్పుగా తెలుసు. 'రీడ్ రైట్ వన్స్' అంటే ఒకే పాడ్ అని కాదు, ఒకే నోడ్ అని. ఆ నోడ్ మీద రెండు పాడ్‌లు ఒకేసారి రాయగలవు. ఖచ్చితంగా ఒకే పాడ్ కావాలంటే 'రీడ్ రైట్ వన్స్ పాడ్' అని వేరే ఉంది. రెండోది, అడగ్గానే తయారయ్యే వాల్యూమ్‌లకి రిక్లెయిమ్ పాలసీ (క్లెయిమ్ పోయాక డేటాని ఏం చెయ్యాలన్నది) విడిగా చెప్పకపోతే 'డిలీట్'. క్లెయిమ్ తుడిస్తే డేటా కూడా పోతుంది. నా మైనస్ వి కథ వేరే వేషంలో. డేటాబేస్‌కి 'రిటెయిన్' (ఉంచెయ్యి) పెట్టిన క్లాస్ విడిగా చేసుకోండి.

కే3ఎస్ అనే చిన్న కుబెర్నెటిస్‌తో పాటే వచ్చే లోకల్ పాత్ క్లాస్ నిజానికి నోడ్ డిస్కు మీద ఒక ఫోల్డరే. వేగంగా ఉంటుంది, సులువు. కానీ పాడ్ ఆ నోడ్‌కి కట్టుబడిపోతుంది, అడిగిన పది జీబీ హద్దుని అది కాపలా కాయదు. లాంగ్‌హార్న్ అనే స్టోరేజీ సాఫ్ట్‌వేర్ పెడితే మామూలుగా మూడు నోడ్‌ల మీద మూడు కాపీలు ఉంచుతుంది, నోడ్ ఒకటి పోయినా డేటా ఉంటుంది. దానికి మూల్యం నెట్‌వర్క్. ఆఫీసుల్లో ఉండే ఒక గిగాబిట్ స్విచ్ సెకనుకి 125 మెగాబైట్లు దాటదు. ఒక కాపీ దగ్గరున్న డిస్కు మీదా, రెండు కాపీలు అదే తీగ మీదుగా వెళ్ళాలంటే, కాగితం మీదే 60కి కాస్త అటూఇటూ మిగులుతుంది. చవక ఎస్ఎస్‌డీ కూడా అంతకన్నా వేగంగా రాస్తుంది. రూక్ అనే టూల్‌తో కుబెర్నెటిస్‌లో నడిపే సెఫ్ స్టోరేజీ ఇంకా పెద్ద బండి. కాపలా కాసే మానిటర్ ప్రోగ్రాములు మూడు, కాపీలు మూడు, దాన్ని చూసుకునే మనిషి కనీసం ఒకరు. ఆ మనిషి జీతం లెక్కలో వెయ్యకుండా "ఉచితమే కదా" అనేవాళ్ళకి దండం.

మూడు కాపీలున్నాయి కదా, నోడ్ పోతే వెంటనే లేస్తుంది అనుకోవడం ఇంకో భ్రమ. నోడ్ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే కుబెర్నెటిస్ మామూలుగా అయిదు నిమిషాలు ఆగాకే పాడ్‌ని తీసెయ్యాలనుకుంటుంది. డేటాబేస్‌ల లాంటివాటికి వాడే స్టేట్‌ఫుల్ సెట్ పాడ్ అయితే ఆ తర్వాత కూడా పాతది నిజంగా చనిపోయిందో లేదో తెలియక అలాగే వేలాడుతుంది, ఎవరో ఒకరు చూసి తీర్పు చెప్పాలి. రెండు పోస్ట్‌గ్రెస్‌లు ఒకే డేటా మీద రాయడం కన్నా ఆగిపోవడమే మేలని అలా కట్టారు. నాకు అది సబబే. కానీ ఆ "ఎవరో ఒకరు" ఎవరన్నది మళ్ళీ మన మూడో ప్రశ్న.

క్లౌడ్‌కి వెళ్తే డిస్కు, షేర్డ్ ఫైళ్ళు, ఆబ్జెక్ట్ స్టోర్ (ఫైలుని మొత్తంగా పెట్టి, మొత్తంగా తీసుకునే చోటు), వాళ్ళే నడిపించి ఇచ్చే డేటాబేస్ అని నాలుగు దుకాణాలు కనబడతాయి. అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి రీజియన్లు (డేటా సెంటర్ల సముదాయాలు) ఉన్నాయి. వాళ్ళ జీపీ3 డిస్కు ఎంత చిన్నదైనా సెకనుకి 3,000 చదువు-రాత పనులు (ఐఓపీఎస్), 125 మెగాబైట్లతో మొదలవుతుంది. పాత జీపీ2లో జీబీకి 3 చొప్పున లెక్క కాబట్టి చిన్న డిస్కు నెమ్మది. ఇప్పటికీ జీపీ2 మీద ఉంటే మార్చుకోండి. గుర్తుంచుకోవలసింది ఆ డిస్కు ఒక జోన్‌కి (రీజియన్‌లో ఒక భాగానికి) కట్టుబడి ఉంటుందని. పాడ్ పక్క జోన్‌లో లేస్తే డిస్కు దాని వెంట రాదు. పాడ్ ఎక్కడ కూర్చుంటుందో తేలాకే డిస్కు తయారయ్యేలా స్టోరేజ్ క్లాస్‌లో 'వెయిట్ ఫర్ ఫస్ట్ కన్స్యూమర్' పెట్టుకోవాలి.

యూజర్లు అప్‌లోడ్ చేసే ఫొటోలూ పీడీఎఫ్‌లూ డిస్కులో పెట్టడం మానెయ్యండి. అవి ఆబ్జెక్ట్ స్టోర్‌కి పుట్టిన సరుకు. యాప్ కంటెయినర్‌కి అప్పుడు వాల్యూమే అక్కర్లేదు, ఎన్ని కాపీలైనా ఎక్కడైనా లేస్తాయి. అయితే అది ఫైల్‌సిస్టమ్ కాదు. ఫైలు చివర ఒక లైను కలపడం, పేరు మార్చడం అక్కడ మామూలు పనులు కావు. దాన్ని ఫోల్డరులా తగిలించి దాని మీద డేటాబేస్ నడపాలన్న ఆలోచన వస్తే ఆ రాత్రి పడుకుని పొద్దున్న ఆలోచించండి.

నెల అద్దె చూసి నడిపించి ఇచ్చే డేటాబేస్‌ని వద్దనుకుంటారు చాలామంది. డేటాబేస్ చూసుకునే మనిషి లేని చోట, ఒక గంట ఆగితే నష్టం వచ్చే వ్యాపారంలో, నేను దానికే ఓటేస్తాను. కంటెయినర్లలో అన్నీ పెట్టాలన్న నియమం ఏమీ లేదు.

మన ఊరి సంగతి వేరే చెప్పుకోవాలి. సముద్రపు గాలిలోని ఉప్పు బీచ్ రోడ్డు ఇళ్ళ కిటికీ ఊచల్నే కాదు, సర్వర్ లోపలి కనెక్టర్లనీ తింటుంది. కిటికీ పక్కన, ఏసీ లేని గదిలో నాస్ పెట్టకండి. ఇంకొకటి కరెంటు. కమిట్ అయిందని డేటాబేస్ చెప్పాలంటే డిస్కు "రాశాను" అనాలి. ఖరీదైన ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోయినా చేతిలో ఉన్నది రాసేంత చార్జి నిలిపే కెపాసిటర్లు ఉంటాయి. మామూలువాటిలో ఉండవు. యూపీఎస్ పెట్టి, దాని బ్యాటరీ అయిపోతుంటే మెషీన్ తనంతట తాను ఆగేలా తీగ కూడా కలపండి. సగం మంది ఆ తీగ పెట్టెలోనే వదిలేస్తారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీదకి వచ్చినప్పుడు కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. అప్పటికి డాకర్ పుట్టి ఏడాదిన్నర, మనలో ఎవరూ వాడలేదు. కానీ ఆ వారం గుర్తున్నవాళ్ళకి నేను చెప్పబోయేది వివరించక్కర్లేదు. ద్వారకానగర్ ఆఫీసు డేటాకి ఎంవీపీ కాలనీ ఇంట్లో కాపీ ఉంచుకుంటే అది దొంగతనానికీ అగ్నిప్రమాదానికీ పనికొస్తుంది, తుఫానుకి కాదు. ఒక కాపీ ఊరు దాటాలి. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించినప్పటి నుంచి "ఇంక మన ఊళ్ళోనే క్లౌడ్ వస్తుంది కదా" అంటున్నారు కుర్రాళ్ళు. రానివ్వండి, సంతోషం. బ్యాకప్ మాత్రం అప్పుడూ హైదరాబాద్‌కో ముంబైకో పోవాల్సిందే.

బ్యాకప్ అంటే నడుస్తున్న డేటాబేస్ ఫోల్డరుని కాపీ కొట్టడం కాదు. కాపీ సగంలో ఉండగా మిగతా సగం మారిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌కి పీజీ డంప్ గానీ బేస్‌బ్యాకప్ గానీ, మైఎస్‌క్యూఎల్‌కి సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్‌తో డంపు. ఫోల్డరే కాపీ చెయ్యాలంటే కంటెయినర్ ఆపి చెయ్యండి. లాంగ్‌హార్న్ మూడు కాపీలు గానీ, రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడటం) గానీ బ్యాకప్ కావు. మీరు తప్పు డిలీట్ కొడితే అది మూడు చోట్లా ఏకకాలంలో, ఎంతో నమ్మకంగా జరుగుతుంది.

నన్ను నిర్ణయం చెప్పమంటే ఇలా చెబుతాను. దుకాణం, క్లినిక్, కోచింగ్ సెంటర్ లాంటివాటికి ఒక మెషీన్, నేమ్డ్ వాల్యూమ్, రాత్రికో డంపు ఊరి బయటికి. పోయినా ఒక్క రోజు డేటా, లేవడానికి ఒక పూట. ఋషికొండ వైపు పది పన్నెండు మంది ఉన్న సాఫ్ట్‌వేర్ టీము, కస్టమర్లు బయటి ఊళ్ళవాళ్ళు అయితే, యాప్ కంటెయినర్లలో, ఫైళ్ళు ఆబ్జెక్ట్ స్టోర్‌లో, డేటాబేస్ నడిపించి ఇచ్చే చోట. డేటా గేటు దాటకూడదన్న రూలున్న ఫ్యాక్టరీలో, మూడు మంచి మెషీన్లూ పది గిగాబిట్ స్విచ్చూ చూసుకునే ఉద్యోగీ ఉంటేనే లాంగ్‌హార్న్. ఆ మూడింటిలో ఏది లేకపోయినా, ఒక పోస్ట్‌గ్రెస్ మామూలు డిస్కు మీద, ఇంకో మెషీన్ మీద దాని రెప్లికా (ఎప్పటికప్పుడు దాని వెంటే మారే నకలు) పెట్టుకోవడం మేలు. కాపీ చేసే పని డిస్కుకి కాక డేటాబేస్‌కే అప్పగిస్తే అది తన సంగతి తనకి తెలిసినట్టు చేసుకుంటుంది.

గాజువాక షాపులో ఇప్పటికీ అదే డెస్క్‌టాప్. కొత్త యూపీఎస్ వచ్చింది. డంపు రాత్రి పదింటికి తీసి రెస్టిక్ అనే బ్యాకప్ టూల్ హైదరాబాద్‌కి పంపుతుంది. నెలకోసారి దాన్ని నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, ఆఖరి బిల్లు నంబరు పెద్దాయనకి ఫోన్ చేసి చదువుతాను, ఆయన పుస్తకంలో చూసి "ఊఁ" అంటారు. డేటాబేస్ వాల్యూమ్‌ని విడిగా సృష్టించి, కంపోజ్ ఫైలులో 'ఎక్స్‌టర్నల్' అని రాశాను. అలా రాసినదాన్ని కంపోజ్ తుడవదు, చివర మైనస్ వి కొట్టినా సరే.